అమ్మకు ఏమీ గుర్తు లేదట

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో తల్లీకూతుళ్ల సంగతులే ఎక్కువ. వాటిలోంచి రెండింటిని తీసుకుంటున్నాను. రెండూ చెన్నై నుంచే వచ్చాయి. మొదటిది ఒక తల్లి రాసినది, రెండవది ఒక కూతురు చెప్పి రాయించినది. రెండవ ఉత్తరం ఈ శీర్షికలో మామూలుగా ఇచ్చే వాటికంటే చాలా పెద్దది. అయినా అందులో ఏ వాక్యం తీసేసినా మిగిలిన వాక్యాలకు అన్యాయం జరుగుతుందనిపించి, ఆనవాళ్లు తప్ప మరేమీ తొలగించకుండా ఇస్తున్నాను.

ప్రశ్న: మేము ఇరవై ఏళ్లుగా మడిపాక్కంలో ఉంటున్నాము. మా అమ్మాయికి పదహారేళ్లు, ప్లస్ వన్ చదువుతోంది. ఆరు నెలలుగా బడి నుంచి రాగానే గదిలోకి వెళ్లి తలుపు మూసుకుంటోంది. పిలిస్తే తప్ప బయటికి రాదు. ఒకనాడు అది స్నానానికి వెళ్లినప్పుడు దాని ఫోను తెరిచి, స్నేహితురాలితో రాసుకున్న మాటలన్నీ చదివాను. నేను భయపడినదేదీ అందులో లేదు. నా గురించి మాత్రం ఒక మాట ఉంది. "మా అమ్మకు ఏదీ చెప్పలేను, చెప్తే వారం తిరిగేలోగా మా పిన్నికి తెలిసిపోతుంది" అని రాసింది. అది చదివి ఉండబట్టలేక దాన్ని నిలదీశాను. ఇప్పటికి మూడు వారాలైంది, అవసరానికి మించి ఒక్క మాట లేదు. కన్నతల్లికి కూతురి ఫోను చూసే హక్కు కూడా లేదా?

జవాబు: హక్కు సంగతికి తరువాత వస్తాను. ముందు మీ చెల్లెలి సంగతి చూద్దాం. మీ అమ్మాయి ఆ సందేశంలో మీరు కఠినంగా ఉంటారని రాయలేదు, తనంటే ఇష్టం లేదనీ రాయలేదు. చెప్పిన మాట మీ దగ్గర నిలవదని రాసింది. మీరు ఏ కారణంతో ఫోను తెరిచినా, మూసిన తలుపు వెనక ఏముందో మీకు దొరికింది. మూడు వారాలుగా మీరు బాధపడుతున్నది అది చేసిన పనికి కాదేమో, అది అన్నమాట నిజం కావడంవల్లనేమో, ఒకసారి నిదానంగా ఆలోచించండి.

అమ్మాయితో చెప్పవలసినవి రెండే మాటలు. నీ ఫోను చూడటం తప్పు అనేది మొదటిది. దానికి "నీ మంచికే చూశాను" అనే తోక తగిలించకండి, తోక తగిలిందంటే ఆ మాట క్షమాపణ కాకుండా మళ్లీ మందలింపు అవుతుంది. రెండవది, నువ్వు చెప్పినవి ఇకమీదట పిన్నికి చెప్పను అనేది. ఈ రెండవ మాటను అది వెంటనే నమ్మదు. చిన్న రహస్యమేదో, మార్కుల సంగతో, స్నేహితురాలితో వచ్చిన తగాదాయో మీ చెవిన వేసి, అది ఎక్కడిదాకా పోతుందో కనిపెట్టి చూస్తుంది. ఆ పరీక్షలో మీరు నెగ్గాలి. రెండు గదుల ఇళ్లలో ఆ వయసు పిల్లకు తనదంటూ ఉన్న చోటు తలుపు మూసిన ఆ కాసేపే అన్న సంగతి కూడా మరచిపోకండి.

ఇక హక్కు. ఎవరైనా పెద్దవాడు దానిని బెదిరిస్తున్నట్టు, డబ్బో ఫొటోలో అడుగుతున్నట్టు, అది తనకు తాను హాని చేసుకునే ఆలోచనలో ఉన్నట్టు మీకు సూచన కనబడితే, అప్పుడు తల్లి ఊరుకోకూడదు. ఆ సందర్భంలో కూడా దానికి చెప్పి, దాని ఎదుటే చూడండి. తిండి, నిద్ర, చదువు మూడూ ఒక్కసారిగా చెడినట్టనిపిస్తే 14416కు ఫోను చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవ అది. పగలూ రాత్రీ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో కూడా మాట్లాడవచ్చు. మీ ఉత్తరంలో మాత్రం అటువంటి సూచన ఏదీ నాకు కనబడలేదు.

ప్రశ్న: నమస్కారం. నాకు తెలుగు మాట్లాడటమే గానీ చదవడం, రాయడం రావు. నేను చెబుతుంటే నా భర్త రాస్తున్నారు. ఆయనది తిరుపతి దగ్గర. మా అమ్మ మీ శీర్షికను ఒక్క సంచిక కూడా వదలకుండా చదువుతుంది. ఆ సంగతి తెలిసే ఈ ఉత్తరం పంపుతున్నాను.

నాకు 36 ఏళ్లు. పుట్టిందీ పెరిగిందీ పెరంబూరులో. నాన్న అక్కడి రైలుపెట్టెల కర్మాగారంలో పనిచేసేవారు. అమ్మది కావలి దగ్గర పల్లె. పెళ్లయి ఇక్కడికి వచ్చేనాటికి ఆమెకు ఇరవై ఏళ్లు, తమిళం ఒక్క ముక్క రాదు. నాన్నకు షిఫ్టులు. నాకు ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి మా ఇంటికి దుబాసీని నేనే. రేషన్ కొట్టులో, గ్యాసు ఆఫీసులో, కరెంటు బిల్లు దగ్గర, అమ్మ తెలుగులో నా చెవిలో చెప్పేది, నేను తమిళంలో పైకి చెప్పేదాన్ని. నాలుగో తరగతిలో ఉండగా తల్లిదండ్రుల సమావేశానికి అమ్మ వచ్చి, నేర్చుకున్న నాలుగు తమిళ ముక్కలూ తెలుగు యాసలో మాట్లాడింది. నా స్నేహితులు నవ్వారు. ఇంటికి వచ్చాక ఇంకెప్పుడూ బడికి రావద్దని చెప్పాను. ఆమె మళ్లీ రాలేదు.

నాకు పన్నెండేళ్లప్పుడు అమ్మకు కడుపునొప్పి ఎక్కువై ఒక ఆసుపత్రికి తీసుకువెళ్లాము. నాన్న డబ్బు కట్టడానికి కిందికి వెళ్లారు. డాక్టరు ఏదో వేగంగా చెప్పి వెళ్లిపోయారు. నర్సు నాతో, గర్భసంచి తీసేయాలి, మీ అమ్మకు చెప్పు అంది. ఆ తమిళ మాటకు తెలుగులో ఏమంటారో నాకు తెలియదు. "అమ్మా, నీ కడుపులోంచి ఏదో తీసేస్తారంట" అన్నాను. "ఏం తీస్తారంట?" అని అడిగింది. తెలియదన్నాను. "ఇంత చదివిస్తుంటే ఈమాత్రం చెప్పలేవా" అని బెంచీ మీద అందరి ముందూ గదిమింది.

అసలు నేను రాయాలనుకున్నది నా జుట్టు గురించి. నాకు నడుము దాటి జుట్టు ఉండేది. రోజూ పొద్దున వంటింటి గుమ్మంలో కూర్చోబెట్టుకుని అమ్మ రెండు జడలు వేసేది. ఆమె నన్ను ముట్టుకునే సమయం అదొక్కటే. ఏడో తరగతిలో ఒకరోజు, బడికి వేళవుతుండగా, "జడలు వేసే ఓపిక నాకు లేదు" అని మెడ దగ్గరికి కత్తిరించేసింది. ఆ కత్తెర చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ సంవత్సరమే నేను పెద్దమనిషినయ్యాను. చాప మీద కూర్చోబెట్టి, చిమ్మిలి పెట్టి, అన్నీ మేనత్తే జరిపించింది. ఆ తలకు పూలు ఎలా పెట్టాలి అని వచ్చినవాళ్లు నవ్వుకున్నారు. అమ్మ గదిలో గోడవైపు తిరిగి పడుకుంది, అక్షింతలు వేయడానికైనా లేవలేదు. ఆ తరువాత నాలుగైదేళ్లు ఆమె నోట నేను విన్నది "నా కడుపున ఎలా పుట్టావే" అన్నమాటే. తమ్ముడు బడి వాళ్లతో ఊటీకి వెళ్లాడు, నన్ను మహాబలిపురానికి కూడా పంపలేదు.

మూడేళ్ల క్రితం నాన్న పోయారు. అప్పటినుంచి అమ్మ షోలింగనల్లూరులో మా దగ్గరే ఉంటోంది. ఇప్పుడు ఆమెకు 58. మా పాపకు తొమ్మిదేళ్లు. రోజూ పొద్దున పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, నూనె రాసి, చిక్కు తీసి, రెండు జడలు వేసి, మూర మల్లెపూలు పెడుతుంది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, అది చూసినప్పుడల్లా నా కూతురి మీదే నాకు అసూయగా ఉంటుంది. మొన్న ఆఫీసు పని వేళ పాప అల్లరి చేస్తే, "నా కడుపున ఎలా పుట్టావే" అని అరిచాను. ఆ మాట నా నోటినుంచి రావడం విని నేనే నిర్ఘాంతపోయాను. అమ్మ వచ్చి, "పసిబిడ్డను అట్లా అనకూడదమ్మా" అంది. నేను ఆగలేకపోయాను. జుట్టు సంగతి, చాప సంగతి అన్నీ అడిగేశాను. "అవన్నీ నాకేడ గుర్తుంటాయి? నీ జుట్టు నేనెందుకు కత్తిరిస్తాను?" అంది. ఆ రాత్రి పాప దగ్గర కూర్చుని, తప్పుగా అన్నానని చెప్పాను. అమ్మతో మాత్రం సరిగా మాట్లాడలేకపోతున్నాను.

ఆమె నిజంగా మరచిపోయిందా? ఆమె చేత ఒప్పించాలని నాకు ఎందుకింత పట్టుదల?

జవాబు: ఈ ఉత్తరం అచ్చయితే మీ అమ్మగారు చదువుతారని మీరే రాశారు కనుక, వేయవచ్చా అని మిమ్మల్ని మళ్లీ అడిగాను. వేయమన్నారు. అమ్మతో ముఖాముఖి చెప్పలేనిదాన్ని, మీరు చదవలేని లిపిలో, ఆమె మాత్రమే చదవగలిగే చోట పెట్టారు. చిన్నప్పుడు మీ అమ్మ మాటను లోకానికి మీరు చేరవేశారు. ఈసారి మీ మాటను ఆమెకు చేరవేయడానికి నన్ను దుబాసీగా పెట్టుకున్నారు. ఆ పని జాగ్రత్తగా చేయాలనే కోరికతోనే రాస్తున్నాను.

మీ ఉత్తరంలో ఆసుపత్రి సంగతి ఒకచోట, జుట్టు సంగతి ఇంకొకచోట ఉన్నాయి. "అసలు నేను రాయాలనుకున్నది" అని రెండింటికీ నడుమ మీరే గీత గీశారు. కానీ పన్నెండేళ్లంటే ఏడో తరగతే. ఆసుపత్రి బెంచీ, కత్తెర, చాప, మూడూ ఒకే సంవత్సరపు సంగతులు. ఇన్నేళ్లుగా మీరు వాటిని విడివిడిగా మోస్తున్నారు. అందులో ఆశ్చర్యమేమీ లేదు, పన్నెండేళ్ల పిల్లకు ఆ మూడింటినీ కలిపి చూపించగలిగినవారు ఆనాడు ఎవరూ లేరు.

అప్పటికి మీ అమ్మ వయసు 34. గర్భసంచి తీసేయడం మన వైపు స్త్రీలకు కొత్త సంగతి కాదు. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దీని గురించి అడిగినప్పుడు రెండు తెలుగు రాష్ట్రాలూ దేశంలో పై వరుసలో కనబడ్డాయి. ముప్ఫై దాటీ దాటకముందే ఈ ఆపరేషన్ చేయించుకున్నవారు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. కోత మానిందా లేదా అని అందరూ అడుగుతారు, ఆ తరువాత శరీరంలో ఏమవుతుందో వారికి చెప్పేవారు తక్కువ. గర్భసంచితో పాటు అండాశయాలను కూడా తీసేస్తే, మామూలుగా 45, 55 ఏళ్ల నడుమ నెమ్మదిగా రావలసిన ముట్లుడిగే దశ ఒక్కసారిగా వచ్చిపడుతుంది. ఒంట్లో ఆవిర్లు లేవడం, రాత్రులు నిద్ర పట్టకపోవడం, చిన్నదానికే చిరాకు, కారణం తెలియని దిగులు, వీటికి తట్టుకోవడం ఏ స్త్రీకైనా కష్టమే. మీ అమ్మకు అండాశయాలు తీశారో ఉంచారో నాకు తెలియదు. ఉంచినా, తన కడుపులోంచి ఏం తీస్తున్నారో తెలియకుండా బల్ల ఎక్కిన మనిషి, మొన్నటిదాకా తన ఒళ్లో కూర్చున్న కూతురు పెద్దమనిషైందని పక్కగదిలో పేరంటాళ్లు పాటలు పాడుతుంటే, గోడవైపు తిరిగి పడుకున్న దృశ్యం మీ ఉత్తరంలోనే ఉంది. అది మీ మీద విముఖతగా మీకు కనబడింది. నాకు అది లేవలేని మనిషిలా కనబడుతోంది. "ఓపిక లేదు" అని ఆమె అన్నమాట అక్షరాలా నిజమై ఉండవచ్చు. ఇది నా ఊహే, మీ అమ్మను చూడకుండా, ఆమెతో మాట్లాడకుండా ఇంతకుమించి అనే అధికారం నాకు లేదు.

ఈ ఊహ నిజమే అనుకున్నా, మీ జుట్టు విషయంలో మీకు జరిగినది చిన్నదైపోదు. మన ఇళ్లలో అమ్మ కష్టం బయటపడగానే కూతురి ఫిర్యాదు కొట్టివేసినట్టే. "పాపం, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది" అనేస్తారు, కూతురు సిగ్గుపడి నోరు మూసుకుంటుంది. మీరు అలా మూసుకోనవసరం లేదు. ఆమె కష్టం ఎంత నిజమో, అమ్మ చేతి స్పర్శ రోజుకు పది నిమిషాలు మాత్రమే దొరికే పిల్లకు ఆ పది నిమిషాలు కూడా కత్తెరతో పోవడం అంత నిజం. ఈ రెండింటిలో ఒకదాన్ని తూచి రెండవదాన్ని తగ్గించే తక్కెడ నా దగ్గర లేదు. ఆపరేషన్ చేసిన కడుపుతో ఆమె చేతులు పైకెత్తి జడ వేయలేకపోతే, "అమ్మకు నొప్పిగా ఉంది, నాలుగు నెలలు అత్త వేస్తుంది" అని మీకు ఒక్కమాట చెప్పేవారుంటే సరిపోయేది. ఆ మాట చెప్పగలిగిన పెద్దవారు ఇంట్లో ఇంకొకరు ఉన్నారు. మీ ఉత్తరమంతటా నాన్నగారు షిఫ్టులోనో కింది అంతస్తులోనో ఉన్నారు. పోయినవారి మీద నేరం మోపడానికి ఇది అనడం లేదు. లేనివారి మీద రావలసిన కోపం కూడా ఎదురుగా ఉన్న అమ్మ మీదికే మళ్లి ఉండవచ్చు, కొంచెం చూసుకోండి.

మీరు వాడిన దుబాసీ అన్న మాట నన్ను చాలాసేపు ఆపింది. చెన్నపట్నానికి 1639లో పునాది పడిన కాలం నుంచీ దుబాసీలున్నారు. కంపెనీ దొరలకూ ఇక్కడి వర్తకులకూ నడుమ మాటలు చేరవేసిన ఆ పెద్దమనుషులలో తెలుగువారూ ఉన్నారు. వారు జీతం పుచ్చుకున్నారు, గౌరవం పొందారు, తప్పు చెప్పినా సర్దుకోగలిగే వయసులో ఉన్నారు. ఎనిమిదేళ్ల దుబాసీకి అవేవీ లేవు. వేరే భాష ఉన్న చోటికి వలస వెళ్లిన కుటుంబాలలో పిల్లలు తల్లిదండ్రులకు భాషా మధ్యవర్తులు కావడంపై మనస్తత్వ శాస్త్రంలో చాలా పరిశోధన జరిగింది. రేషన్ కొట్టు దగ్గర ఆ పని చేయడం పిల్లకు గర్వాన్ని, చురుకుదనాన్ని కూడా ఇవ్వవచ్చు. ఆసుపత్రిలో చేయవలసి వస్తే అది మోయలేని బరువవుతుంది. తల్లి కూడా ఆ పిల్ల ముందు చిన్నబోతుంది. లోకానికి తాను చెప్పే ప్రతి మాటా కూతురి నోటి మీదుగా వెళ్లవలసి వచ్చే ఇంట్లో, అమ్మ అధికారం చూపించగలిగేది గుమ్మం లోపలే. పంపను, కుదరదు, కూర్చో, లే అన్న మాటల దగ్గరే. మహాబలిపురానికి ఎందుకు పంపలేదో మీరు వివక్ష అన్న ఒక్క కారణంతో చూస్తున్నారు. అందులో వివక్ష ఉంది, తమ్ముణ్ని ఊటీకి పంపిన తల్లి చేసినది పక్షపాతమే. దానితోపాటు, అక్కడ ఏమైనా జరిగితే ఎవరికి ఫోను చేసి ఏ భాషలో అడగాలో తెలియని భయం కూడా ఉండి ఉంటుందా? తమిళం పలికే ఆ ఇంటి నోరు మీరే కదా, ఆ నోరే వెళ్లిపోతే ఇంట్లో మిగిలేదెవరు?

ఆమె నిజంగా మరచిపోయారా అని అడిగారు. మరచిపోయి ఉండవచ్చు. కేంబ్రిడ్జిలో పనిచేసిన మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే చూపించినట్టు, గుర్తుచేసుకోవడం అంటే పెట్టెలో దాచిన వస్తువును బయటికి తీయడం వంటిది కాదు. తెలిసిన ముక్కలతో ప్రతిసారీ మళ్లీ కట్టుకోవడం. మీకు అది జీవితాన్ని రెండుగా కోసిన ఉదయం. నిద్రలేని రాత్రుల నడుమ, నొప్పి నడుమ, ఆమెకు అది వేలకొద్దీ ఉదయాలలో ఒకటి. లేదా గుర్తుండి, మీ ముఖంలోని కోపం చూసి భయపడి లేదనేశారేమో. నేర విచారణలా అడిగిన ప్రశ్నకు ఎవరి నోటనైనా ముందు వచ్చేది కాదు, లేదు అన్న మాటలే. ఇక్కడ మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ఇంకెప్పుడూ బడికి రావద్దని మీరు అన్నమాట ఆమెకు గుర్తుందా? మీరు అడిగి ఉండరని అనుకుంటున్నాను. ఆ తరువాత ఆమె బడి గడప తొక్కలేదు. ఒక్క వాక్యంలో చెప్పేసి ముందుకు వెళ్లిపోయారు గానీ, జుట్టుతో సమానంగా అది కూడా మిమ్మల్ని పీడిస్తున్నట్టే నాకు వినిపించింది. తొమ్మిదేళ్ల పిల్ల అన్నమాటకు నేరం లేదు. అయినా అడగండి.

మీ పట్టుదల దేనికో మీ ఉత్తరంలోనే ఉంది. ఆమె ఒప్పుకుంటే, ఆనాడు ఇంట్లో జరిగినదానికి మీతోపాటు ఇంకొక సాక్షి ఉన్నట్టవుతుంది. లేదంటే ఆ పన్నెండేళ్ల పిల్ల చెప్పేది కట్టుకథ అయిపోతుంది. ఆ సాక్ష్యం ఆమె దగ్గర దొరకకపోతే మీ మేనత్తను అడగండి, తమ్ముణ్ని అడగండి, ఏడో తరగతి ఫొటో ఏదైనా ఉంటే వెతకండి. అది అమ్మకు చూపించి ఓడించడానికి తీసుకువెళ్లవద్దు, మీ జ్ఞాపకం నిజమేనని మీకు ధైర్యం కలగడానికే.

పాప మీద అసూయ గురించి సిగ్గుపడుతున్నారు. నిజానికి మీరు అసూయపడుతున్నది పాప మీద కాదనుకుంటాను, ఆ ఒడి మీద. మీ అమ్మ ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్నారు, తమిళం వచ్చు, పొద్దున కంగారు లేదు, ఎవరి షిఫ్టుకూ క్యారియర్ కట్టనవసరం లేదు. ఈ అమ్మ మీకు పన్నెండేళ్లప్పుడు లేదు. అది మీకు జరిగిన నష్టమే, దానికి దుఃఖపడే హక్కు మీకుంది. అమ్మమ్మ చేయి మీ పాప జుట్టులో తిరుగుతున్నంతసేపూ మీరు గదిలోకి తప్పుకోవడం మానేసి, ఆ పక్కనే కూర్చుని చూడండి. ఏడుపొస్తే ఏడవండి, పాప అడిగితే "నాకూ అమ్మమ్మ ఇలాగే వేసేది" అని చెప్పండి. అది నిజం కూడా, ఏడో తరగతి దాకా వేసింది కదా.

మీరు మీ అమ్మలా తయారవుతున్నానని భయపడుతున్నారు. పిల్లల వైద్యుడూ మనోవిశ్లేషకుడూ అయిన డొనాల్డ్ విన్నికాట్ 1953లో "చాలినంత మంచి తల్లి" అన్న ఆలోచనను ముందుకు తెచ్చారు. లోపమే లేని తల్లి పిల్లకు అవసరం లేదు, పసితనంలో అంటిపెట్టుకుని ఉండి, ఆ పైన పిల్ల తట్టుకోగలిగిన మేరకు కొద్దికొద్దిగా విఫలమయ్యే తల్లి చాలునని ఆయన భావం. మీరు అరిచారు, ఆ రాత్రే పాప పక్కన కూర్చుని తప్పు చెప్పారు. మీకు దక్కనిదాన్ని మీ పాపకు అదే రోజు ఇచ్చారు. అరుపు ఎక్కడ నేర్చుకున్నారో మీకు తెలుసు, ఆ రెండవ పని మాత్రం మీకు ఎవరూ నేర్పలేదు.

ఇప్పుడు చేయగలిగినవి చెబుతాను. జుట్టు ఎందుకు కత్తిరించావు అన్న ప్రశ్నను కొంతకాలం పక్కన పెట్టి, "ఆపరేషన్ అయ్యాక నీకు ఎట్లా ఉండేదమ్మా, రాత్రిళ్లు నిద్ర పట్టేదా, ఎవరు చూసుకున్నారు నిన్ను" అని అడగండి. బియ్యం ఏరుతూనో ఆకుకూర వలుస్తూనో, ఇద్దరి కళ్లూ పని మీద ఉన్నప్పుడు అడగండి. మొదటిరోజు ఏమీ చెప్పకపోవచ్చు. ఆనాటి డిశ్చార్జి కాగితం ఇంట్లో ఉందేమో వెతకండి. చిన్న వయసులో అండాశయాలు తీసేసినవారికి ఎముకలు బోలుగా మారే ముప్పు, గుండెజబ్బు ముప్పు ఎక్కువ కనుక, కాగితం దొరికినా దొరకకపోయినా ఆమెను స్త్రీల వైద్యురాలి దగ్గరికి తీసుకువెళ్లి, ఎముకల సాంద్రత పరీక్ష అవసరమేమో అడిగి చూడండి. వైద్యురాలి ఎదుట మీ అమ్మనే మాట్లాడనివ్వండి. యాస ఏదైనా, తమిళంలో తన శరీరం గురించి తాను చెప్పుకోగలరు. మీరు పక్కన కూర్చుంటే చాలు, ఆమె మీ వైపు తిరిగి అడిగినప్పుడు మాత్రమే అందుకోండి.

ఇంకొకటి. తమిళనాడులో 2006 చట్టంతో తమిళం బడుల్లో తప్పనిసరి కాకముందే, తెలుగు చెప్పే బడి దగ్గరలో లేక, మీ వంటి ఎందరో పిల్లలు తెలుగు మాట తెలిసి తెలుగు అక్షరం తెలియకుండా పెరిగారు. 36 ఏళ్లు అక్షరాలకు ఎక్కువ వయసు కాదు. నేర్పమని మీ అమ్మను అడగండి. రోజూ పొద్దున పాప జడ అయ్యాక పది నిమిషాలు చాలు.

చివరగా, మీ అమ్మగారికి కొన్ని మాటలు.

అమ్మా, ఈ ఉత్తరం ఎవరిదో ఈపాటికి మీకు తెలిసిపోయి ఉంటుంది. ఇంటి గుట్టు పత్రికకెక్కించిందని కోపం వచ్చి ఉంటే, ఆ కోపాన్ని నా మీద పెట్టుకోండి, అచ్చు వేసింది నేను. జుట్టు సంగతి గుర్తు లేకపోతే లేదనే చెప్పండి, గుర్తున్నట్టు నటించవద్దు. "నాకు గుర్తు లేదు గానీ, నువ్వు అన్నావంటే జరిగే ఉంటుంది" అనగలిగితే, మీ అమ్మాయి ఇరవై నాలుగేళ్లుగా ఎదురుచూస్తున్నది ఆ మాట కోసమే. ఆనాడు ఆసుపత్రి బెంచీ మీద మీ కడుపులోంచి ఏం తీస్తున్నారని అడిగారు, ఆమె చెప్పలేకపోయింది. ఆ తరువాత అదేమిటో మీకు ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో, విన్నప్పుడు మీకు ఏమనిపించిందో ఆమెకు తెలియదు. అది ఆమెకు చెప్పండి. ఈ పేజీలు కూడా, ఇంట్లో అల్లుడుగారున్నా సరే, ఆమెకు మీరే చదివి వినిపించండి.